మాస్టరు గారి కత్తెర

మా తమ్ముడు పోయాక మొదట వెళ్ళింది బ్యాంకుకి. కౌంటరు వెనకున్న అమ్మాయి తల ఎత్తకుండానే, "ఖాతా మూసెయ్యాలంటే ఖాతాదారు స్వయంగా రావాలండీ" అంది.

"ఆయన పోయారమ్మా. అందుకేగా మూసెయ్యమంటున్నాం" అన్నాను.

"అయితే సంతకమైనా పెట్టించి తీసుకురండి."

"వాడే గనక సంతకం పెట్టడానికి వస్తే, ఈ బ్యాంకులోంచి అందరికంటే ముందు పరిగెత్తేది నువ్వే" అన్నాను. క్యూలో వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల అప్పుడు తలెత్తి, మరణ ధ్రువపత్రం చూసి, నాలుక కరుచుకుని లోపలికి వెళ్ళింది. మా మరదలు నా మోచెయ్యి పట్టుకుని లాగి, "పోనివ్వండి వదినా, చిన్నపిల్ల" అంది. మొగుడు పోయింది తనకి, ఓదార్చేది ఎదుటివాళ్ళని. మొదటినుంచీ అంతే ఆ మనిషి.

నా నోరు మంచిది కాదని మా ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా ఒప్పుకుంటారు. ఆసుపత్రి వంటశాలలో ముప్ఫై మంది చేత పని చేయించి రిటైరైన నోరు ఇది, మెత్తగా ఎలా ఉంటుంది? అందుకే తమ్ముడు పోయాక ఆఫీసుల చుట్టూ తిరిగే పని నేను నెత్తిన వేసుకున్నాను. కరెంటు మీటరు పేరు మార్చాలి, షాపు లైసెన్సు చూడాలి, బ్యాంకు, గ్యాసు, ఫోను. మనిషి పోవడం ఒక్క క్షణం పని. వాడు పోయాడని లోకాన్ని ఒప్పించడానికి మాత్రం చెప్పులు అరిగిపోవాలి. ప్రతి కౌంటరు దగ్గరా వాళ్ళు ఏదో ఒకటి అడిగేవాళ్ళు, మరదలు ఒకటే జవాబు చెప్పేది: "నాకు తెలీదండీ, అన్నీ ఆయనే చూసుకునేవారు."

మా తమ్ముడు టైలరు. కోట్లు, ప్యాంట్లు కుట్టేవాడు. వాడి పేరు పెట్టి పిలిచిన వాళ్ళు లేరు, అందరికీ 'మాస్టరు'. నాలుగు వీధులు కలిసే చోట, మందుల షాపు పక్కన, వాడి షాపు. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, నిలువుటద్దం. దాని వెనక తెర. తెర వెనక కటింగు బల్ల, రెండు మిషన్లు, ఇస్త్రీ పెట్టె. ఇంకా వెనక, మనిషి అడ్డంగా పడుకుంటే తల ఒక గోడకీ కాళ్ళు ఒక గోడకీ తగిలేంత గది. వాళ్ళిద్దరి సంసారం ఆ గదిలోనే గడిచిపోయింది. పిల్లలు లేరు. ఒక మధ్యాహ్నం ముందు గది కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగి, గ్లాసు అందుకోకుండానే తల వాల్చేశాడు.

పరామర్శకి వచ్చిన వాళ్ళలో షాపు ఓనరు కూడా ఉన్నాడు. పాత ఓనరు పోయాక అతని కొడుక్కి వచ్చింది ఆ భవనం, అందుకని మేం 'కుర్ర ఓనరు' అంటాం గానీ నిజానికి నలభై దాటినవాడే. మర్యాదగానే వచ్చాడు, మర్యాదగానే కూర్చున్నాడు. లేచేముందు, "మాస్టరు గారి పనిలో మీరు కూడా సాయం చేసేవారా అమ్మా?" అని అడిగాడు.

"అబ్బే, నాకేం వచ్చు బాబూ? అంతా ఆయన చేతి పనే. నేను కాజాలు కుట్టి బొత్తాలు పెట్టేదాన్ని, అంతే" అంది మరదలు.

నేను పక్కనే ఉన్నాను. నాకు అందులో తప్పేం కనబడలేదు. ఏళ్ల తరబడి ఎవరు ఏం అడిగినా ఆ మనిషి నోట వచ్చే మాట అదే. కూర బావుందంటే కూడా, ఆయన తెచ్చిన కూరగాయలు మంచివి అనేది.

నెల తిరక్కుండా లాయరు నోటీసు వచ్చింది. అద్దెకున్న వ్యక్తి చనిపోయాడు, ఆయన భార్యకి ఆ పని రాదని ఆమే చెప్పింది, కనుక షాపు ఖాళీ చెయ్యాలి. మందుల షాపువాళ్ళు గోడ కొట్టించి పెద్దది చేసుకుంటామన్నారట. నేను ఆ కాగితం పట్టుకుని, మరదల్ని వెంటబెట్టుకుని, మా వీధి చివర మేడ మీద ఆఫీసు పెట్టుకున్న వకీలమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"చట్టం చెప్పేది ఇదమ్మా. అద్దెకున్న మనిషి పోతే, ఆయనతోపాటు అదే షాపులో అదే పని చేస్తున్న ఇంటి మనిషికి ఆ హక్కు వస్తుంది. కేవలం భార్య అయితే చాలదు. కాజాలు, బొత్తాలు అంటే చిల్లర సాయం కిందికే వస్తుంది. టైలరు పనంటే కత్తిరించడం అని అవతలి లాయరు గట్టిగా పట్టుకుంటాడు. అది ఈవిడ చేసేదని తేలితే షాపు ఈవిడది. లేకపోతే లేదు."

మెట్లు దిగుతూ మరదలికి చెప్పాను. "రేపు విచారణలో అద్దెల అధికారి అడిగినప్పుడు, నేనే కత్తిరించేదాన్నని చెప్పెయ్. తెర వెనక ఎవరు చూడొచ్చారు?"

"ఆ మాట నేను చెప్పలేను వదినా."

"ఓ చిన్న అబద్ధానికి నోరు రాకపోతే రేపు ఎక్కడుంటావు? మా ఇంటికి రమ్మంటే రావు."

"మీ కోడలు ఇప్పటికే హాల్లో పడుకుంటోంది" అని, ముందుకి నడిచింది. నాకు ఒళ్ళు మండింది. నిజాయితీ ఉండాలి, కాదనను. అది మనిషిని వీధిలో నిలబెట్టే దాకా ఉండకూడదని నా అభిప్రాయం.

ఆ మర్నాడే, సామాన్లు సర్దుదామని షాపులో ఉండగా, హోటల్లో కొత్తగా ఉద్యోగం దొరికిన వెయిటరు ఒకడు వచ్చాడు. మాస్టరు పోకముందు కొలతలిచ్చి, నల్లకోటుకి గుడ్డ ఇచ్చి వెళ్ళాడట. సోమవారం నుంచి డ్యూటీ. కోటు లేకపోతే రానివ్వరు. మాస్టరు సంగతి తెలిసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "గుడ్డ ఇచ్చెయ్యండమ్మా, ఇంకెక్కడైనా కుట్టించుకుంటాను" అన్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని.

"శనివారం రా బాబూ, అయిపోతుంది" అంది మరదలు.

వాడు వెళ్ళాక నేను కోప్పడ్డాను. "ఎవరు కత్తిరిస్తారని మాటిచ్చావు? నీకేమైనా మతి పోయిందా?"

ఆమె షాపు తలుపు వేసి గడియ పెట్టింది. తెర వెనక్కి వెళ్ళి, బల్ల మీద నల్లగుడ్డ పరిచి, అరచేత్తో ఒక్కసారి ఇటు నుంచి అటు నిమిరింది. సుద్దతో గీతలు గీసింది. కత్తెర తీసింది. అది మా తమ్ముడి పెద్ద కత్తెర. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదని లోకమంతా చెప్పుకునే కత్తెర. భుజం, చంక, వీపు, చేతులు. ఎక్కడా ఆగలేదు, రెండోసారి చూసుకోలేదు. ఇరవై పెళ్ళిళ్ళకి ఉల్లిపాయలు తరిగిన దానికి ఉంటుంది చూశారా ఆ తీరు, ఆ తీరుగా ఉంది చెయ్యి. నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

కత్తిరించిన ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, అప్పుడు చెప్పింది. "ఆయనకి చూపు పోయింది వదినా. మొత్తం కాదు. మధ్యలో మసకట, చుట్టూ పక్కల కనిపించేది. నడిచేవారు, తిరిగేవారు, మనిషిని గొంతుబట్టి పోల్చుకునేవారు. గుడ్డ మీద గీత మాత్రం కనబడేది కాదు. డాక్టరు ఇక రాదన్నాడు."

"మరి కొలతలు?"

ఆమె గోడ మేకుకి వేలాడుతున్న టేపు తెచ్చి నా చేతిలో పెట్టింది. అంగుళం అంగుళానికీ ఒక చిన్న దారపు ముడి, అరంగుళానికి ఇంకా చిన్నది. ఆ టేపు నేను ఎన్నిసార్లు చూశానో! సోకుకి కుట్టుకున్నాడనుకునేదాన్ని. వాడు వేళ్ళతో తడిమి పైకి చదివేవాడు, తెర వెనక ఈమె రాసుకుని కత్తిరించేది. కుట్టు మిషను వాడు తొక్కేవాడు, చెయ్యి అలవాటు పడ్డ పని కాబట్టి. ఆ తర్వాత అదీ ఈమె మీదే పడింది. చివరికి వాడు ముందు గదిలో కూర్చుని, వచ్చిన వాళ్ళతో కబుర్లు చెప్పడమే మిగిలింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీకు చెబితే మైకులో చెప్పినట్టేనన్నారు." తల వంచుకుని అంది. ఆ తర్వాత, "టైలరుకి కళ్ళు పోయాయంటే ఇక గుడ్డ ఎవరిస్తారే అని ఏడ్చారు వదినా. ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకున్నారు. ఆయన మాస్టరుగానే పోవాలి. షాపు పోతే పోనివ్వండి. మీరు కూడా మాటివ్వండి" అంది.

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, వాడి వీపు మీద ఒక్కటి చరచాలనిపించింది. ఆ చరిచే వీపు లేదు. అబద్ధం చెప్పమని నేను వేధిస్తున్నప్పుడు, అది నిజమని తెలిసి నోరు మూసుకుందీ మనిషి. గత్యంతరం లేక మాటిచ్చాను.

విచారణ రోజు వచ్చింది. అద్దెల ఆఫీసులో అది ఇరుకు గది. గోడలకి సగం దాకా ఆకుపచ్చ రంగు, కిటికీ అద్దానికి అంటించిన పాత కాగితం. అధికారికి జలుబు. ప్రతి రెండు మాటలకీ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటున్నాడు. కుర్ర ఓనరు తన లాయరుతో ఒక బెంచీ మీద, మేం ముగ్గురం ఇంకో బెంచీ మీద. వాళ్ళు సాక్షిగా తెచ్చింది రిటైరైన ఇంజనీరు గారిని. చెమటలు కారే ఎండలో కూడా కోటు లేకుండా బయటికి రాడని ఆయన్ని మా పేటలో 'కోటాయన' అంటారు. ఆయన ఓనరు పక్షాన రావడం చూసి నేను పళ్ళు నూరుకున్నాను. ఆయన నోరు విప్పాక మాత్రం తిట్టడానికి మనసు రాలేదు.

"మాస్టరుకి అపకారం చెయ్యడానికి రాలేదండీ నేను. నిజం చెప్పమన్నారు, వచ్చాను. ఆయన లాంటి చెయ్యి మళ్ళీ చూడం. ఇదిగో, పోయిన ఏడాది కుట్టిన కోటు." ఆయన లేచి, అధికారి ముందు మెల్లగా అటూ ఇటూ తిరిగాడు. "నా ఎడం భుజం కిందికి ఉంటుంది, చిన్నప్పుడు పడ్డాను. ఇందులో తెలుస్తోందా? నా భార్యకి కూడా తెలియదు చూస్తే. ఇలాంటి పని ఇంకొకరి వల్ల అవుతుందంటే నేను నమ్మను. ఆ అమ్మ ఎప్పుడూ తెర వెనకే ఉండేది, మంచి మనిషి, నాకు టీ ఇచ్చేది. కానీ చెయ్యి మాత్రం ఆయనదే. సాయంకాలాలు నేను అక్కడే గడిపేవాణ్ణి. మాస్టరు నా ఎదురు కుర్చీలో కూర్చుని పాత సంగతులు చెబుతుంటే, లోపల కత్తెర కరకరలాడుతుంటే, అక్కణ్ణుంచి లేవబుద్ధి అయ్యేది కాదు."

చెప్పేసి కూర్చున్నాడు. గదిలో ఎవరికీ ఏమీ పట్టలేదు. అధికారి ముక్కు తుడుచుకున్నాడు, ఓనరు లాయరు తృప్తిగా కాగితాలు సర్దుకున్నాడు. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను. మాస్టరు ఎదురు కుర్చీలో ఉంటే లోపల కత్తెర ఆడించింది ఎవరు? ఒక్క ప్రశ్న. నా నాలుక చివరికి వచ్చింది. అడిగితే షాపు మిగులుతుంది. మరదలు నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించింది. నా జీవితంలో నోరు మూసుకోవడం అంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"మీరేమైనా చెబుతారా అమ్మా?" అన్నాడు అధికారి మరదలితో. "మీకు పని రాదని ముందు మీరే అన్నారని ఉంది. అది నిజమేనా?"

ఆమె లేచి నిలబడింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అధికారి కాసేపు చూసి, కలం అందుకున్నాడు. ఆ కలం కాగితం మీద పడితే ఇక అంతే. ఆమె మళ్ళీ నా వైపే చూసింది. ఈసారి వద్దనడం లేదు. ఏం చెయ్యను అని అడుగుతోంది.

నేనూ లేచాను. వకీలమ్మ నా చెయ్యి పట్టి లాగింది గానీ విదిలించుకున్నాను.

"అయ్యా, ఒక్క మాట. మీతో కాదు, ఈమెతో." మరదలి వైపు తిరిగాను. "అమ్మాయ్, వాడు నీ చేత మాట తీసుకున్నాడు. నేను వాడికి అక్కని, తల్లి పోయాక వాణ్ణి పెంచింది నేనే. వాడు ఇప్పుడు లేడు, వాడి బదులు నేను చెబుతున్నాను. ఆ మాట నీ మీద లేదు. నిజం చెప్పు. వాడి పేరుకి ఏమైనా అయితే అది నా నెత్తిన."

మరదలు రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని, నేల వైపు చూస్తూ అంది. "కత్తిరించింది నేనండీ. కొన్నేళ్ళుగా అన్నీ నేనే. ఆయనకి చూపు లేదు. ఆ కోటు కూడా నేనే. కాలరు కింద గుడ్డ చాలక ముక్క అతికాను."

ఓనరు లాయరు నవ్వాడు. "అప్పుడు రాదన్నారు, ఇప్పుడు వచ్చంటున్నారు. షాపు పోతుందంటే అన్ని పనులూ వస్తాయి."

అధికారి ఆయన్ని ఆగమని చెయ్యెత్తి, కోటాయన వైపు చూశాడు. కోటాయన తన కోటు కాలరు కింద వేలు పెట్టి తడుముతున్నాడు. అతుకు దొరికినట్టుంది, వేలు ఆగింది. ఎవరూ అడక్కుండానే లేచాడు.

"నిజమేనండీ" అన్నాడు. "ఆయన నా ఎదురుగానే ఉన్నాడు. లోపల కత్తెర ఆడుతూనే ఉంది. ప్రతి సాయంకాలం విన్నాను. విన్నాను గానీ..." ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. స్నేహితుడు పోయినప్పుడు కూడా ఆయన ఏడవడం నేను చూడలేదు.

"నేను రాసుకుంటాను" అన్నాడు అధికారి. కంటి డాక్టరు కాగితాలు తెచ్చివ్వమన్నాడు, అవి చూసి షాపు ఆమె పేరున మారుస్తూ ఉత్తర్వు ఇస్తానన్నాడు. కుర్ర ఓనరు మా దగ్గరికి వచ్చి, ఏదో అనబోయి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వకీలమ్మ మరదలి భుజం తట్టింది. నేను గెలిచామన్న ఊపులో ఉన్నాను. మెట్లు దిగుతూ, వచ్చే వారమే బోర్డు మీద రంగు వేయిద్దామనీ, మరదలి పేరు పెద్దక్షరాలతో రాయిద్దామనీ, మందుల షాపువాడి ముఖం ఎలా ఉంటుందో చూడాలనీ వాగుతూనే ఉన్నాను.

వెనక అడుగుల చప్పుడు లేదని కాసేపటికి తెలిసింది. తిరిగి చూస్తే మరదలు సగం మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడుస్తోంది. తమ్ముడు పోయిన రోజు గానీ, ఆ తర్వాత గానీ ఆమె కంట చుక్క రాలేదు. రాయి లాంటి మనిషి అని నేనే ఒకరిద్దరితో అన్నాను కూడా. ఇప్పుడు వెక్కి వెక్కి, ఊపిరి అందక ఏడుస్తోంది.

"ఏమైందే? షాపు నీదైంది కదే!" అంటూ పైకి పరిగెత్తాను.

"మొన్న ఆ వెయిటరు కోటు తీసుకెళ్తూ ఏమన్నాడో తెలుసా వదినా? మాస్టరు గారు పోయేముందే కత్తిరించి పెట్టారు కదా, ఎంత బాగా కుదిరిందో అన్నాడు. నేను అవునన్నాను. ఆయన ఇంకా లోపల పని చేస్తున్నట్టే అనిపించింది నాకు." ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. "ఇక నుంచి నేను కత్తిరిస్తే నేను కత్తిరించినట్టే. ఆయన ఇంక కత్తిరించరు."

నేను పక్కన అదే మెట్టు మీద కూర్చుని, దాని తల నా ఒళ్ళోకి తీసుకున్నాను. అప్పుడు నాకూ తమ్ముడు పోయాడని తెలిసింది. కాగితాలు పట్టుకుని పైకి వెళ్ళేవాళ్ళు మమ్మల్ని చూసి, ఓ పక్కగా తప్పుకుని వెళ్ళారు.